కూత పడగానే కుంచె దించాలి

ఖరగ్‌పూర్ తెలుగిళ్ళలో మగపిల్లాడు పుడితే ఉయ్యాల కట్టకముందే రైల్వే వర్క్‌షాపు మాట వస్తుంది. మా అన్నయ్య అందులో చేరాడు, నేను చేరలేకపోయాను. ఇద్దరం బతికింది మాత్రం కుంచెతోనే. అన్నయ్య రైలు పెట్టెల మీద నంబర్లు వేసేవాడు. నేను ఖరిదా బజారులో దుకాణాల మీద పేర్లు రాసేవాణ్ణి, పండగలకి గోడల మీద దేవుళ్ళని వేసేవాణ్ణి. అన్నయ్యకి జీతం, సెలవులు, బూట్లు, ఆఖరికి చేతులు కడుక్కోవడానికి సబ్బు కూడా ఇచ్చేవారు. నాకు "భలే రాశావయ్యా" అన్న మాట ఇచ్చేవారు. దాంతో చేతికంటిన రంగు వదలదు, కిరసనాయిలు సొంత డబ్బులతో కొనుక్కోవాలి.

ఇప్పుడు కుంచె పక్కన పెట్టేశాను. కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు పట్టుకోవడానికి పనికొస్తుంది గానీ సున్నా చుట్టడానికి పనికిరాదు. ఇంట్లో ఖాళీగా కూర్చుని మా ఆవిడ పైడితల్లి వేసిన ముగ్గులకి వంకలు పెడుతూ ఉంటే, ఒకరోజు శ్రావణి వచ్చింది. మా తాల్‌బగీచా పేట పిల్లే. వాళ్ళ తాత, మా అన్నయ్య వర్క్‌షాపులో ఒకే విభాగంలో పనిచేశారు. కలకత్తాలో బొమ్మల చదువు చదివి వచ్చింది.

"తాతా, పూరీ గేట్ దగ్గర మన తెలుగోల హాలు గోడ మీద అమ్మవారిని ఎయ్యమన్నారు. పే...ద్ద గోడ. రేటు అడగనా, మాననా?"

"ఎవులు ఎయ్యమన్నారు?"

"హాలు కమిటీ పాపారావు తాత. మనోల పనే కదమ్మా, అమ్మవారి పని, నీకు పేరొస్తాది అన్నారు."

"మరి నువ్వేటన్నావు?"

"ఠీక్ హై అనీసినాను."

అని నాలిక కరుచుకుంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. చదువు అయ్యాక వచ్చిన పనులన్నీ ఇలా పేరొచ్చే పనులేనట. వాళ్ళమ్మ ఒక మొబైల్ దుకాణంలో కౌంటరు ఉద్యోగం మాట్లాడి ఉంచిందట. "ఈ గోడకి కూలి తెచ్చి ఇంట్లో సూపించాల తాతా. నేకపోతే వొచ్చే నెల నుంచి కౌంటరే. బొమ్మలు ఆదివారం ఏసుకోమంటంది మాయమ్మ."

వాళ్ళమ్మని తప్పు పట్టలేను. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. శ్రావణిని కూర్చోబెట్టి, ఈ వృత్తిలో నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్పాను. కాయితం మీద పెట్టమని తనే అడిగింది. కుంచె పట్టబోయే మిగతా పిల్లలకీ పనికొస్తాయని పెడుతున్నాను.

ఒక్క అక్షరమే కదా

నాకు పని నేర్పింది సింహాచలం మాస్టారు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు, ఒడియా ఏదైనా రాసేవారు. ఒడియా చదవడం వచ్చా అంటే రాదు. "గుండ్రంగా రాస్తే సాలు, ఒడియా అయిపోద్ది" అనేవారు. అలా అంటూనే ఒక్క తప్పు రానిచ్చేవారు కాదు.

ఒక సాయంత్రం ఖరిదాలో బట్టల దుకాణం బోర్డు రాస్తున్నాం. ఆ రోజుల్లో బోర్డు కిందకి దించి రాయడం ఉండేది కాదు, పైన బిగించాకే రాయాలి. వెదురు నిచ్చెన మీద మాస్టారు, కింద నేను రంగు డబ్బాతో. వర్క్‌షాపులో పని ముగిసిందని సైరన్ కూత పడింది. మా ఊళ్ళో పొద్దున కూతకి పొయ్యి ముట్టిస్తారు, సాయంత్రం కూతకి టీ పెడతారు. మాస్టారు దిగబోయారు. చూపు ఆనడం లేదని, నిచ్చెన కట్టు వదులైందని చెప్పారు.

దుకాణం యజమాని గుమ్మంలోకి వచ్చాడు. "ఒక్క అక్షరమే కదా మాస్టారూ. అది కూడా కానిచ్చీండి. రేపు ముహూర్తం."

మాస్టారు మొహమాటస్తుడు. మళ్ళీ పైకెక్కారు. అక్షరం సగం పడింది, తాడు తెగింది. మాస్టారి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టినవాడు ఎముకని ఎలా అతికించాడో గానీ, ఆ చేతిలో తర్వాత కుంచె నిలవలేదు.

యజమాని చెడ్డవాడు కాదు. మర్నాడే పళ్ళ బుట్ట పంపాడు. మాస్టారి భార్య ఆ బుట్ట తీసుకుని లోపల పెట్టి, ఏడుస్తూనే పంపినవాణ్ణి టీ తాగి వెళ్ళమంది. అంతకంటే ఏదైనా అడగవచ్చని ఆవిడకీ తెలియదు, అంతకంటే ఇవ్వాలని అతనికీ తెలియదు. అదే నిచ్చెన వర్క్‌షాపులో అయితే పైకెక్కించినవాడు సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. మా అన్నయ్య చేతికి చిన్న గీత పడితేనే ఆస్పత్రికి పంపి సెలవిచ్చేవారు. సెలవు దొరుకుతుందని అన్నయ్య ఆ గీతని ఇంటింటికీ తిప్పి చూపించేవాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాత మాస్టారు కింద కూర్చుని రంగులు కలిపేవారు, నేను పైకెక్కేవాణ్ణి. నాకు పెట్టిన నియమం ఒకటే. "కూత కూసినాదంటే దిగిపోవాల. అక్షరంలో ఉన్నా సరే, ఒత్తులో ఉన్నా సరే. అక్షరం రేపూ ఉంటాది."

ఆ రోజు నుంచి నేను రైల్వే జీతం లేని రైల్వే నౌకరునయ్యాను. బజారంతా నవ్వేది. కూత కోసం చెవి రిక్కించి పనిచెయ్యడం ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి విశ్వకర్మ పూజ నాడు ఒక మిఠాయి కొట్టు బోర్డు పట్టుకున్నాను. ఆ రోజు వర్క్‌షాపుకి సెలవని, కూత పడదని గుర్తే లేదు. ఆకాశం నిండా గాలిపటాలు. కూత ఇంకా కాలేదు కదా అని చీకటి పడినా రాస్తూనే ఉన్నాను. పొద్దున లేచి చూస్తే రసగుల్లా బొమ్మకి తెలుపు బదులు లేతాకుపచ్చ వేసి ఉంది. కొట్టు యజమాని "ఏటిది, బూజు పట్టిందా?" అన్నాడు. అప్పుడు మాస్టారు రెండో నియమం పెట్టారు, కూత లేని రోజు పని పట్టవద్దని. దాన్ని నేను అంత గట్టిగా పాటించలేదు గానీ, ఎందుకు పెట్టారో మాత్రం మరిచిపోలేదు.

శాలువా, కిళ్ళీ

మాకు యజమానులు రకరకాలు. "ఎలాగూ రంగు తడిగానే ఉంది కదా, కింద రెండు పువ్వులు కూడా పడెయ్" అనేవాడు ఒకడు. బోర్డు అయిపోయాక భాగస్వామితో తగువు పడి, పేరు మార్చమని, అది కొత్త పని కాదు దిద్దుబాటేనని వాదించేవాడు ఒకడు. మూలలో నేను రాసుకున్న నా పేరు మీద తనే సున్నం పూసేసి, "నీ పేరు మా దుకాణానికెందుకయ్యా" అన్నవాడు ఇంకొకడు. నాకు పేరొస్తుందని అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది ఆయనే.

అన్నిటికంటే ప్రమాదకరమైనవాళ్ళు శాలువా వాళ్ళు. వీళ్ళు కూలి మాట రాకుండా వేదిక ఎక్కిస్తారు, "మన కళాకారుడు" అంటారు, శాలువా కప్పుతారు. చప్పట్లు కొట్టాక కూలి ఎలా అడుగుతాం? ఖరగ్‌పూర్ ఎండలకి శాలువా అక్కరొచ్చే రోజులు ఏడాదికి ఎన్ని? మా పైడితల్లి వాటిని కుట్టి దుప్పట్లు చేసింది. బంధువులు వస్తే కప్పి, "మావోడి జీతం ఇదే, ఎచ్చగా పడుకోండి" అనేది.

అయితే తప్పంతా వాళ్ళ మీద వేసేస్తే మా రోగం మిగిలిపోతుంది. కుంచె పట్టినవాడికి ధర చెప్పడం సిగ్గు. చెప్పినా నిలబడడు. నేను ధర చెప్పేవాణ్ణి, ఎదుటివాడు నోరు తెరవకముందే "పోనీ మీరు కాబట్టి" అని నేనే తగ్గించేవాణ్ణి. ఆయన ఇంకా ఆలోచిస్తుంటే మళ్ళీ తగ్గించేవాణ్ణి. ఒకాయనైతే నన్ను ఆపి, "ఉండవయ్యా, అంత తక్కువకి రాస్తే రంగు వెలిసిపోదూ?" అని భయపడ్డాడు.

దీనికి మందు పైడితల్లి కనిపెట్టింది. ఒక మీఠా పాన్ ఆకులో చుట్టి జేబులో పెట్టింది. "మావా, ధర సెప్పు. సెప్పగానే ఇది నోట్లో ఎట్టీసుకో. పెద్దది కట్టించినాను. ఇది నవిలినంత సేపూ నీ నోటంట మాట రాదు. ఆ లోపల ఆళ్ళే మాటాడతారు."

నవ్వకండి, పనిచేసింది. నోటినిండా కిళ్ళీతో ఉన్న మనిషి ధర తగ్గించలేడు. ఎదుటివాడు నా మొహం చూసి, గట్టి మనిషిలా ఉన్నాడనుకుని, "సరే, కానీ" అనేవాడు. పళ్ళు పాడయ్యాయి గానీ ఇల్లు గడిచింది.

శ్రావణికి చెప్పిన మాటే మీకూ చెబుతాను. పనిలోకి దిగకముందు ధర చెప్పండి. ఎవరి నిచ్చెన, ఎవరు పట్టుకుంటారు, తిండెక్కడ, ఎన్నింటికి దిగుతాం, పడితే ఆస్పత్రి ఖర్చెవరిది, ఇవి కూడా అప్పుడే మాట్లాడుకోండి. ఇదేమీ అత్యాశ కాదు. గోడ కట్టిన మేస్త్రీ ఇవన్నీ అడుగుతాడు, ఎవరూ ఏమీ అనుకోరు. గోడ మీద బొమ్మ వేసేవాడు అడిగితే మాత్రం కళాకారుడికి డబ్బు ఆశ ఏమిటంటారు.

ఒంటికన్ను అమ్మవారు

ఇప్పుడు శ్రావణిని వెయ్యమన్న ఆ పూరీ గేట్ గోడ మీదే, చాలా ఏళ్ళ కిందట నేను అమ్మవారిని వేశాను. అప్పుడు కూడా కమిటీ సెక్రటరీ పాపారావే. కిరాణా కొట్టు పెట్టుకుని పైకొచ్చిన మనిషి. చింతపండు తూస్తే పిక్క కూడా లెక్కకొస్తుంది. కొట్టు మూసి మరీ పండగ పనులు చూసేవాడు.

అమ్మవారి బొమ్మకి కళ్ళు ఆఖరున వేస్తారు. బెంగాలీ వాళ్ళూ అంతే, మనమూ అంతే. పండగ ముందురోజు ఆడవాళ్ళు పసుపునీళ్ళు, హారతి పట్టుకుని కింద నిలబడతారు, ఆర్టిస్టు పైన కళ్ళు తెరిపిస్తాడు. ఆ రోజు పందిరి పనులతో నన్ను ఆలస్యంగా ఎక్కించారు. నిలబడడానికి ఇచ్చినవి పాత వెదుళ్ళు, కాలు వేస్తే మూలిగేవి. కొత్తవి అడిగితే, "అమ్మవారే పట్టుకుంటాది" అన్నాడు పాపారావు.

కుడికన్ను తెరిచాను. ఎడమకన్నుకి గీత పెట్టాను. కూత పడింది.

కుంచె తుడుచుకుని దిగిపోయాను. హారతి పళ్ళెం పట్టుకున్న ఆవిడ అలాగే నిలబడిపోయింది.

"ఏటిది ఆర్టిస్టూ, అమ్మోరిని ఒంటికన్నుతో ఒగ్గీసి ఎక్కడికి?" అని పాపారావు అడ్డొచ్చాడు.

"ఇంటికి. కూత అయిపోనాది కదా."

"నువ్వేటి రైల్వే నౌకరివా?"

"కాను బాబూ. అయ్యుంటే ఈ వెదుళ్ళు ఎక్కమనేవోరే కారు."

"ఒక్క కన్నే కదా!"

ఆ మాట వినగానే నాకు మాస్టారి మణికట్టు గుర్తొచ్చింది. "ఒక్క అక్షరమే కదా అనీ మా మాస్టారిని ఎక్కించినారు. మరి పడినాక ఆ సెయ్యి ఎవులైనా తిరిగిచ్చినారా?" అన్నాను. అందరూ గొంతు తగ్గించారు. అమ్మవారికి అపచారమని ఒకరు, మేదినీపూర్ నుంచి వేరేవాణ్ణి పిలిపిద్దామని ఒకరు. పాపారావు మొహం కందగడ్డలా ఉంది.

గుంపులోంచి పైడితల్లి గొంతు వినిపించింది. "అపచారమేటి? సరిగ్గా సూడండి. అమ్మోరు పాపారావన్నకి కన్ను కొడతంది."

ముందు ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఇక ఎవరినీ ఆపలేకపోయారు. పాపారావు మాత్రం నవ్వలేదు. అమ్మవారి ముఖానికి పట్టుచీర అడ్డం కట్టించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కూతకి నేను వెళ్ళేసరికి కొత్త వెదుళ్ళు కట్టి ఉన్నాయి. కింద ఇద్దరు మనుషులు పట్టుకుని నిలబడ్డారు. మనసు తేలికై రెండో కన్ను తెరిచాను. అమ్మవారు ఎవరి మీదా కోపగించలేదు, పండగ బాగానే జరిగింది. పాపారావు నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఎదురుపడితే గోడతో చెబుతున్నట్టు "ఆర్టిస్టుకి మజ్జిగ ఇవ్వండి" అనేవాడు. కానీ ఆ ఏడు నుంచి వెదుళ్ళు ఎప్పుడూ కొత్తవే తెప్పించాడు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి కదా.

ఫ్లెక్సు గురించి నాలుగు ముక్కలు

ఫ్లెక్సు వచ్చి మా పొట్ట కొట్టిందంటారు. కొట్టింది, కాదనను. కానీ ఫ్లెక్సు రాకముందు మా పొట్టలు నిండుగా ఉండేవని ఎవరైనా అంటే నమ్మకండి. ఇప్పుడు కంప్యూటరు మీద బొమ్మలు చేసే పిల్లలు "ఇంకొక్క మార్పే కదా" అన్న మాట ఫోనులో వింటున్నారు. ఫ్లెక్సు కట్టేవాడు అదే వదులు నిచ్చెన ఎక్కుతున్నాడు. యంత్రం మారింది, యజమాని అడిగే తీరు మారలేదు. అందుకే మనం అడిగే తీరు మారాలంటాను.

శ్రావణి గోడ

నేను చెప్పిందంతా విని శ్రావణి ఇలా చేసింది. "ఠీక్ హై అన్నాను గానీ రేటు ఇంకా సెప్పనేదు తాతా" అని పాపారావుని పానీపూరీలమ్మే పుచ్కా బండి దగ్గరికి తీసుకెళ్ళింది. ధర చెప్పింది, ఇనప మంచె కావాలంది, తాడు కావాలంది, కూతకి దిగిపోతానంది. చెప్పగానే పెద్ద పుచ్కా ఒకటి నోట్లో పెట్టుకుంది. అది మింగేలోగా రెండోది. పాపారావు ముసలివాడైపోయాడు, ఓపిక తగ్గింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూ మాట్లాడకుండా నములుతున్న పిల్లని చూసి, బాధతో ఏడుస్తోందనుకున్నాడు. "సరేనమ్మా, ఏడవకు, ఇస్తాను" అన్నాడు. అది మిరపకాయ ఘాటు అని నేను ఇంతవరకూ ఆయనకి చెప్పలేదు.

పని సాగింది. రోజూ కూతకి దిగేది. అయితే మధ్యలో వానలు పడి ఆలస్యమైంది. సోమవారం బొమ్మ ప్రారంభోత్సవం అనగా ఆదివారం మధ్యాహ్నం ఇంకా కళ్ళు మిగిలి ఉన్నాయి. నేను, పాపారావు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. మజ్జిగ విషయం గోడతో కాకుండా నాతోనే మాట్లాడుతున్నాడు ఇప్పుడు.

సాయంత్రానికి వాయవ్యం నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. ఎండాకాలపు కాలబైశాఖి గాలివాన ఎలా వస్తుందో మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"శ్రావణీ, దిగమ్మా" అన్నాను.

"ఒక్క కన్నే తాతా! అయిపోతంది. రేపు ప్రారంభం కదా."

ఈసారి ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు, తనకి తనే చెప్పుకుంది. పని పూర్తి చెయ్యలేకపోయిందంటారని భయం, కూలి ఇంట్లో చూపించలేనని భయం. ఆదివారం కాబట్టి కూత కూడా పడదు. గట్టిగా అరిచాను. నా ముసలి గొంతు గాలిలో కలిసిపోయింది. మంచె మీద కట్టిన టార్పాలిన్ టపటపా కొట్టుకుంటోంది.

పాపారావు కుర్చీలోంచి లేచాడు. పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి తలెత్తాడు.

"కూ...ఊ...ఊ...ఊ!"

అచ్చం వర్క్‌షాపు కూతే. మొదట సన్నగా లేచి, తర్వాత బొంగురుగా సాగి, చివర్లో దగ్గు వచ్చి ఆగింది. టోటో రిక్షాల వాళ్ళు బండ్లు ఆపి చూశారు. పైన శ్రావణి చెయ్యి టక్కున ఆగింది. కిందకి చూసింది, పడీపడీ నవ్వింది, తాడు పట్టుకుని దిగిపోయింది. ఆమె హాలు గడప దాటుతుండగానే గాలి విరుచుకుపడి, టార్పాలిన్‌ని పీకి, ఆమె నిలబడ్డ మంచె పలకని కింద పడేసింది.

వాన మొదలైంది.

"మరి రేపు ప్రారంభం?" అంది శ్రావణి.

"ఎల్లుండి సేద్దాం. అమ్మోరికి ఒంటికన్ను అలవాటే. నీ లెక్కలో రేపటి కూలి కూడా కలుపుకో" అన్నాడు పాపారావు. "ఈ రోజుకి సాలమ్మా, ఇంటికెల్లు."

నా వృత్తిలో ఎన్నో మెప్పులు విన్నాను. నిచ్చెన మీద ఉన్నవాడితో ఈ రోజుకి చాలు అన్న యజమానిని మాత్రం అప్పుడే చూశాను. సింహాచలం మాస్టారు ఉండి ఉంటే బాగుండునని నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పాపారావు నా వైపు తిరిగాడు. గొంతు పూర్తిగా పోయింది, గుసగుసే వస్తోంది. "ఒరే లింగరాజూ, కూత కూసి నా గొంతు పోనాది. దీనికి కూలెవుడిస్తాడ్రా?"

"ఎక్కకముందే మాటాడుకోవాల బాబూ" అన్నాను.